బోర్ల పండుకో బాపూ

బయట చంద్రాపూర్‌ల నలభయ్యేడు డిగ్రీలు.
లోపల, మిషను కోసం, ఇరవై.
జాడి బాపు దుప్పటి అడిగిండు. ఇచ్చిన.
తాయెత్తు, చేతి కడియం, మొలతాడుకున్న తాళంచెవి
ఒక్కొక్కటే తీసి ట్రేల పెట్టుకుంట
"ఇవి గూడ ఊపిరికి అడ్డమేనా బిడ్డా?" అన్నడు.
ఊపిరికి కాదు బాపూ, బొమ్మకు.

ముందుగాల ఎల్లెలుకల.
చేతులు తల మీదికి.
కుడిది లేవది.
ఇరవయ్యారేండ్లు చెమ్మస్ కొట్టిన భుజం
చెవి దాక వచ్చి ఆగిపోయింది.
చెయ్యి కిందనే ఉంటె ఎముక అడ్డమొచ్చి
ఊపిరితిత్తి మీద గీతలే గీతలు పడుతయి.
మెత్త మడిచి మోచేతి కింద పెట్టిన,
ఒరిగిన గోడకు రాయి ఆన్చినట్టు.

ఎర్రగీత ఒకటి రొమ్ము నడుమ,
ఒకటి చంక కింద.
రొమ్ము మీద నీలిమచ్చలు. పచ్చబొట్లు కాదు,
మానిన గాయంల మిగిలిపోయిన బొగ్గు.
వేలెడు పైకి, అరవేలు ఎడమకు జరిపిన.
"తూకం ఏస్తున్నవా?"
అంతే అనుకో.

మిషను హిందీల మాట్లాడుతది:
సాస్ లీజియే. రోకియే.
రోకియే అంటే బాపుకు గేటుకాడ లారీలకు అనే మాట.
సగం పీల్చి నా దిక్కు చూసిండు.
అద్దం అవతల్నుంచి మైకుల నేనే చెప్పిన:
నిండ పీల్చు. కేజీ కిందికి దిగుతున్నప్పుడు పీల్చినట్టు.
ఇగ ఆపు.
ఆరో సెకండుకు దగ్గిండు.
మల్ల మొదట్నుంచి.

బొమ్మ వచ్చింది.
రెండు తిత్తుల అడుగున, వీపు దిక్కు,
ఎవరో అద్దం మీద ఊదినట్టు మసక.

ఎల్లెలుకల పండితే ఒంటి బరువు వెనక్కి దిగుతది,
నిమ్మళమైన తిత్తి కూడా అడుగున అణిగి గిట్లనే కనబడుతది.
బోర్లిస్తే బరువు తొలుగుతది, మసక పోతది.
పోనిదే రోగం.
ఇది నేను చదువుకున్నది.
నేర్చుకున్నది వేరే:

రెండేండ్ల కింద ఏలేటి సాయమ్మ,
రాజురా దిక్కు రాళ్ల మిల్లుల పనిచేసేది.
ఆ సాయంత్రం కరెంటు పొయ్యేటట్టుంది,
బయట ఇంక పదకొండు మంది.
ఎల్లెలుకల తీసి పంపిన.
బరువే అని రాసిండ్రు.
మల్ల ఆమె వచ్చేసరికి ఆ మసక
తేనెతుట్టె కండ్లయింది.
నన్ను గుర్తుపట్టి నవ్వింది గూడ.

అప్పట్నుంచి ఎవలు చెప్పకున్నా
నేనే ఫోను చేస్త.
డాక్టర్ దేవగడే అవతల అన్నం తింటున్నడు కావచ్చు,
నముల్కుంటనే అన్నడు: పాల్థా ఝోపవ్ త్యాలా.

"బోర్ల పండుకో బాపూ."
"బాయిల మూడడుగుల సందుల
బోర్లనే పాకినం, గిదేం కొత్త" అని
మెల్లగ తిరిగిండు.
చెంప టేబులుకు ఆన్చిండు.
వీపు మీద చెయ్యి పెట్టి నడిమి గీత సరిచూసిన.
చెయ్యి కింద ఏదో గరగర,
కొత్త చెప్పులు నడిచినట్టు.
ఈసారి దగ్గలే.

ఎడమది పోయింది.
కుడిది కూడా పోయింది,
అడుగున గోరంత మేర తప్ప.
ఇటు పెద్దగ చేసిన, అటు చిన్నగ చేసిన.
అక్కడే ఉంది.

చెప్పుడు నా పని కాదు.
ముఖం మార్చకుండుడు నా పని,
పదకొండేండ్లాయె, ఇంక సరిగ రాలే.

తాళంచెవి మొలతాడుకు ముడేసుకుంట
బాపు అడిగిండు:
"ఇంటికాడ ఎట్ల పండాలె బిడ్డా? గిట్లనా, అట్లనా?"
ఫారం మీద రెండు డబ్బాలే ఉన్నయి,
రెండింట్ల టిక్కు పెట్టిన.
"నిద్రపట్టినట్టు పండు" అన్న.
"నిద్ర పడితె గద" అన్నడు.

టేబులు మీద కాగితానికి
చెమటతోటి సగం ముఖం అంటింది.
అది చింపి ఇంకోటి పరిచిన.
బయట ఎవరో తలుపు కొట్టిండ్రు.